ఎడమవైపు రెండంగుళాలు

కొంగవారిలంక,
8-6-2003, ఆదివారం.

చిరంజీవి స్నేహలతను పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఎర్ర సముద్రంలో ఆరిన నేల చూపిన దేవుడు పెంటపాడులో మీ గడపకు కావలి ఉండును గాక.

ఆరాధన ఇప్పుడే ముగిసింది. గొంతు బొంగురుపోయింది. మైకు లేకపోయినా పక్క లంకలో కూడా వినబడిందని నాగరత్నం చెప్పింది. ఆమె పొగడటానికి అన్నదో, ఆపమని అన్నదో దేవునికే తెలియాలి. ఈ ఉత్తరం ఆమె చేతనే పంపుతున్నాను. రేపు చేపలమ్మడానికి గూడెం మార్కెట్టుకు వస్తుంది. కవరుకు కొర్రమీను వాసన వస్తే క్షమించు.

సంగతికి వస్తాను. పోయిన ఆగస్టులో మీ పెద్దమ్మ మరియమ్మను ఎలా పూడ్చామో నువ్వు చూశావు. రెండడుగులు తవ్వేసరికి కొల్లేరు గోతిలోకి వచ్చేసింది. మనవాళ్ళు బకెట్లతో తోడుతూనే ఉన్నారు, నేను వాక్యం చదువుతూనే ఉన్నాను. పెట్టె తేలుతుంటే నలుగురు గెడకర్రలతో అదిమి పట్టారు. నలభై ఏళ్ళు నాతో కాపురం చేసిన మనిషిని నీళ్ళలోకి అదిమించి ఇంటికొచ్చాను. ఆ రోజునుంచీ పునరుత్థానం గురించి ప్రసంగించిన ప్రతిసారీ నా నాలుక ఒక్క క్షణం తడబడుతోంది.

ఊరికి తూర్పున చెరువుల మధ్య అరెకరం మెరక ఉంది, నీకు తెలుసు. సర్కారు భూమి. ఎంత వరదొచ్చినా మునగదు. దాన్ని మన పేటకు సమాధుల తోటగా ఇమ్మని అడుగుతున్నాం. చేపల చెరువుల ఆసామి ఒకాయన ఆ మట్టి తవ్వుకుని గట్లకు పోసుకుంటానని అర్జీ పెట్టాడు. జూలై 28న ఎమ్మార్వో గారు స్థలం చూడటానికి వస్తారు. ఈలోగా మన అర్జీలు ఫైల్లో ఉండాలి. ఊరంతా కలిపి ఒకటి కాదు, గడపకొకటి చొప్పున, టైపు చేసి ఇవ్వాలని ఆఫీసు గుమస్తా తాతాజీ గారు చెప్పారు. మనవి ఎనభై నాలుగు గడపలు.

నీకు కంప్యూటరు వచ్చు. దేవుడు నీకు ఆ విద్య ఊరికే ఇవ్వలేదు. అర్జీ నేనే రాసి ఇందులో పెట్టాను. రెండు ఠావులు వచ్చింది, నువ్వు ఒక్క కాగితంలోకి తేవాలి. ఒక్క మాట కూడా తియ్యవద్దు. క్రిస్మస్‌కు నువ్వు టైపు చేసి పంపిన పాటల కాగితం చూశాను. చుట్టూ నాలుగేసి వేళ్ళ తెల్లకాగితం ఖాళీ! అయిదువేలమంది తిన్నాక కూడా ముక్కలు పారేయవద్దని ప్రభువు గంపలకెత్తించాడు. ఆ ఖాళీ తీసెయ్యి. అంచునుంచి అంచుదాకా నింపు.

మెలకువగా ఉండి ప్రార్థించే
నీ పెదనాన్న,
ఇమ్మానుయేలు.


పెంటపాడు,
14-6-2003.

పూజ్యులైన పెదనాన్న గారికి స్నేహలత వందనాలు. ఇక్కడ నాన్నా అమ్మా క్షేమం. నాన్నకు మిల్లులో ధాన్యం దుమ్ముకు దగ్గు పట్టుకుంది, తులసి కషాయం తాగమంటే కాఫీ తాగుతున్నారు.

మీ ఉత్తరం చదివి ఏడ్చాను. తప్పకుండా చేస్తానండి. గూడెంలో నేను పనిచేసే డీటీపీ సెంటరు జగ్గారావు గారిది. మధ్యాహ్నం ఒంటిగంటకు ఆయన భోజనానికి ఇంటికెళ్ళి మూడింటికి వస్తారు. ఆ రెండు గంటలూ కంప్యూటరు వాడుకోమన్నారు. కాగితాలు కూడా ఆయనే ఇస్తానన్నారు.

కానీ పెదనాన్న గారూ, ఆ ఖాళీ ఊరికే వదిలింది కాదండి. దాన్ని మార్జిన్ అంటారు. వర్డ్‌లో కొత్త కాగితం తెరిస్తే అదే చుట్టూ కొంత ఖాళీ వదిలి ఇస్తుంది. ఆఫీసులకు వెళ్ళే కాగితాలకు ఎడమవైపు ఇంకా ఎక్కువ వదలమని జగ్గారావు గారు మొదటి రోజే చెప్పారు. ఫైల్లో గుచ్చడానికి చోటుండాలట. మీరు ఒప్పుకుంటే అలాగే చేస్తాను. ప్రతిసారీ కొలతలు పెట్టుకోనక్కర్లేదు. టెంప్లేటు అని ఒకటుంటుంది. అచ్చులాంటిది. ఒక్కసారి దాన్ని సరిచేసి పెడితే, ఆ తర్వాత పుట్టే ప్రతి కాగితమూ దాని పోలికతోనే పుడుతుంది.

అర్జీ కూడా కొంచెం తగ్గిస్తే బాగుంటుందేమో. మోషే మాట వినని ఫరో రాజు గుండె కఠినపడిన సంగతి ఎమ్మార్వో గారికి రాయడం అవసరమా అండి?

మీ అమ్మాయి,
స్నేహ.


కొంగవారిలంక,
20-6-2003.

స్నేహలతకు.

ఆశీర్వాదం చివర్లో రాస్తాను, ముందు గద్దింపు విను.

అచ్చా? దాని పోలికతో పుట్టడమా? మన ఇంటి ఆడపిల్ల పోత పోసినదాన్ని పెట్టుకుని అన్నీ దాని పోలికనే పుట్టించడమా? అహరోను కూడా ఇలాగే అన్నాడు, బంగారం నిప్పులో వేస్తే దూడ దానంతటదే వచ్చిందని! దేవుని పోలికలో తప్ప మరొక పోలికలో ఏదీ పుట్టనక్కర్లేదు. ఈ సంగతి మీద బుధవారం కూడికలో గంటన్నర మాట్లాడాను. ముసలమ్మలు హల్లెలూయ అన్నారు.

ఇక మీ యజమాని మాట. కాగితాలమ్మే మనిషి ఖాళీ వదలమనక ఏం చెబుతాడు? ఆయన సిరికి దాసుడు. నువ్వు కాకు. మీ నాన్న యోసేపు నా తమ్ముడై పుట్టి యాభై ఏళ్ళు, ఒక్కనాడు నాకు ఎదురు చెప్పలేదు. చుట్టూ అరంగుళం చాలు. అది కూడా నీ ముఖం చూసి ఒప్పుకుంటున్నాను. ఫరో ఉండాలి. చెరువుల ఆసామికి తగలాలి ఆ మాట.

వానలు మొదలయ్యాయి. చిన్న వంతెన మీద నీళ్ళెక్కాయి. రోజులు తక్కువ.

దేవుడు నీకు లోబడే మనసిచ్చి దీవించును గాక.
ఇమ్మానుయేలు.


పెంటపాడు,
1-7-2003.

పెదనాన్న గారికి వందనాలు.

మీరు చెప్పినట్టే చేశాను. చుట్టూ అరంగుళం పెట్టాను. ఒక్కో కొత్త కాగితానికీ మళ్ళీ మళ్ళీ పెట్టడం కుదరక, పేజీ సెటప్‌లో డిఫాల్ట్ అనే బటన్ నొక్కాను. ఇకమీదట అన్ని కొత్త కాగితాలూ ఇలాగే వస్తాయి, సరేనా అని అది అడిగింది. సరే అన్నాను.

తొమ్మిది మధ్యాహ్నాలు పట్టింది. ఎనభై నాలుగూ నాగరత్నం పిన్నికి అప్పగించాను. ఫరో ఉన్నాడు.

స్నేహలత.


కొంగవారిలంక,
9-7-2003.

స్నేహలతకు,

ఏమని మొదలుపెట్టను? యిర్మీయా ఏడ్చినట్టు ఏడవాలని ఉంది.

ఎనభై నాలుగు గడపలూ తిరిగి వేలిముద్రలు వేయించాను. ముద్ర వేయడానికి కింద చోటు లేదు. అక్షరాల మీదే వేశారు. సరేలెమ్మని దోనెలో పెట్టుకుని, వాన తగలకుండా నా చొక్కా కప్పి, ఆఫీసుకు తీసుకెళ్ళాను. తాతాజీ గారు కట్ట అందుకున్నారు, పంచింగు మిషనుతో పై ఎడమ మూల టకటకా పొడిచారు, ట్యాగు ఎక్కించారు. ఎక్కించాక ఆయనే ఆగిపోయారు.

"ఏవండీ, ఇది ఎవరి అర్జీ అండీ?"

"అందులోనే ఉందండీ, పై మూలన."

"పై మూలన బొక్క ఉందండీ."

చూస్తే ప్రతి కాగితంలోనూ పేరు ఉండాల్సిన చోట కన్నం! 'నుండి' అని ఉంది, ఎవరి నుండో లేదు. మిగిలిన అక్షరాలు ట్యాగు కట్టులో నలిగిపోయాయి. ఆయన ఇంకో కాగితం తిప్పి, "పోనీ, ఎమ్మార్వో గారు ఆర్డరు ఎక్కడ రాయాలండీ పాస్టరు గారూ? మీ అరచేతిలోనా?" అన్నారు. ఆఫీసంతా నవ్వింది. నేను పాస్టరును కూడా కాదు, సేవకుణ్ణి మాత్రమే. కట్ట తిరిగి నా చేతిలో పెట్టేశారు. పేరు లేని కాగితం ఫైల్లో ఉండకూడదట.

ఎనభై నాలుగు కుటుంబాల పేర్లూ ఆ మిషను కిందున్న డబ్బాలో చిన్నచిన్న చుక్కలై పడి ఉన్నాయమ్మా. నేను కళ్ళారా చూశాను.

ఒక్కటే అడుగుతాను. నిజం చెప్పు. పోయిన ఉత్తరం నాలుగు ముక్కలు రాసి ఊరుకున్నావు. నీ మాట వినలేదన్న కోపంతో, ఇలా జరుగుతుందని తెలిసే చేశావా? నన్ను నలుగురిలో నవ్వులపాలు చేయాలనేనా?

ఇంకా పంతొమ్మిది రోజులున్నాయి.

ఇమ్మానుయేలు.


పెంటపాడు,
13-7-2003.

పెదనాన్న గారికి,

కోపంతో చేయలేదు. మీరు చెప్పారని చేశాను. నాలుగు ముక్కలు రాసింది చేతులు నొప్పులు పుట్టి.

తప్పు నాది కూడా ఉంది. అది చెబుతాను. ఇకమీదట అన్ని కాగితాలూ ఇలాగే వస్తాయని కంప్యూటరు అడిగినప్పుడు, 'అన్నీ' అంటే మన అర్జీలన్నీ అనుకున్నాను. సెంటర్లో పుట్టే ప్రతి కొత్త కాగితమూ అని తర్వాత తెలిసింది. వారం రోజులు అందరి కాగితాలూ అంచులదాకా అచ్చయ్యాయి. కాలేజీ పిల్లల ప్రాజెక్టులు బైండింగు చేయిస్తే పంక్తుల మొదళ్ళు కుట్టులోకి పోయాయి. ప్లీడరు గారి దావా కాగితం కోర్టువాళ్ళు తీసుకోలేదు. జగ్గారావు గారు కంప్యూటరుకు వైరస్ పట్టిందని రెండు రోజులు వెతికారు. నేనే చేశానని చెప్పాను. సోమవారం నుంచి రావద్దన్నారు.

అందుకని ఇప్పుడు నా దగ్గర కంప్యూటరు లేదు. అర్జీలు మళ్ళీ చేయలేను.

అడిగారు కాబట్టి ఒక మాట అంటాను, ఎదురు చెప్పానని అనుకోకండి. సండేస్కూల్లో మీరే నేర్పారు. పంట కోసేటప్పుడు పొలం ఓరలు పూర్తిగా కోయకూడదని, బీదలకూ పరదేశులకూ విడిచిపెట్టాలని దేవుడే చెప్పాడన్నారు. రూతు ఆ ఓరలోనే ఏరుకుని బతికిందన్నారు. కాగితానికి కూడా ఓర ఉంటుంది కదండీ. చదువురాని మన అత్తమ్మలు వేలు పెట్టేదీ, ఆఫీసరు కలం పెట్టేదీ, ట్యాగు దారం వెళ్ళేదీ అక్కడే. మనం ఓర కూడా కోసేశాం. వాళ్ళకేం మిగలలేదు.

పెద్దమ్మ కోసం నేనూ ఏడుస్తున్నాను. పెట్టె అదిమిపట్టిన నలుగురిలో నాన్న కూడా ఉన్నారు.

స్నేహ.


ఏలూరు బస్టాండు,
17-7-2003, గురువారం.

నా తల్లీ, స్నేహా,

బస్సుకు ఇంకా గంటుంది. బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. నీకు చెప్పకుండా గూడెం వెళ్ళి వస్తున్నాను. మీ ఇంటికి రాలేదు, నీ ముఖం చూసే ధైర్యం లేక.

నీ ఉత్తరం మంగళవారం అందింది. చదివి తలుపు వేసుకున్నాను. ముప్పై ఏళ్ళుగా ఆ పొలం ఓరల వాక్యం మీద ప్రసంగిస్తున్నాను. నా ఇంటి పిల్ల దాన్ని పట్టుకుని ఒక్క దెబ్బతో నన్ను కింద పడేసింది. తప్పుచేసిన దావీదు రాజు ముందు నాతాను ప్రవక్త నిలబడి ఆ మనుష్యుడవు నీవే అన్నట్టు నిలబడ్డావు. దేవునికి స్తోత్రం. నొప్పిగానే ఉంది, అయినా స్తోత్రం.

జగ్గారావు గారి సెంటరుకు వెళ్ళి గుమ్మంలోనే చెప్పాను. "ఏవండీ, ఆ పిల్ల చేతులతో జరిగింది గానీ, మాట నాదండీ. శిక్ష నాకు వేయండి."

ఆయన కుర్చీ చూపించారు. "కూర్చోండి. ప్లీడరు గారు నన్నేమన్నారో తెలుసా అండీ? 'జగ్గారావూ, కాగితం చాలకపోతే చెప్పు, నా పంచె చింపి ఇస్తాను' అన్నారు. పదిమందిలో!"

"నన్ను ఆఫీసులో అరచెయ్యి చాపమన్నారండీ," అన్నాను.

మనిషి కాస్త నవ్వాడు. ఆ తర్వాత నా సంకలో ఉన్న బైబిలు చూసి, ఒకసారి ఇవ్వమన్నారు. చేతులు కడుక్కొచ్చి మరీ అందుకున్నారమ్మా. తెరిచి, పేజీలు తిప్పి, నా వైపు తిప్పి చూపించారు. "ఇదంతా ఎవరు రాశారండీ?"

నేనే. నీకు తెలుసు కదా, నేను బడి గడప తొక్కలేదు. మిల్లు గోడ మీది అక్షరాలు చూసి చదువు నేర్చుకున్నాను. ఎవరైనా దైవజనుడు ఒక మంచి మాట చెబితే ఆ వాక్యం పక్కనే చీమ తలకాయంత అక్షరాలతో రాసుకున్నాను. నాకున్న చదువంతా ఆ ఓరల్లోనే ఉంది.

"అచ్చువాళ్ళు అంచుదాకా నింపేసి ఉంటే ఇదెక్కడ రాసేవారండీ?" అన్నారాయన.

సిరికి దాసుడని నేను తిట్టిన మనిషి నా బైబిల్లోంచే నాకు పాఠం చెప్పాడు. లేచి నిలబడి రెండు చేతులూ జోడించాను. క్షమించమని అడిగాను. ఆయన కూడా లేచారు. "మీ అమ్మాయి మార్చినందుకు కాదండీ నా కోపం. చెప్పకుండా మార్చినందుకు. సోమవారం రమ్మనండి. కానీ ముందు నా కంప్యూటరు ఎలా ఉండేదో అలా పెట్టాలి," అన్నారు.

అచ్చు సంగతి కూడా ఆయనే తెర మీద చూపించారు. అందులో విగ్రహమేమీ లేదు. ఎంత ఖాళీ ఉండాలో ముందే గీసి పెట్టిన కొలత. మోషేకు కొండమీద దేవుడు మందిరపు మాదిరి చూపించి, దాని చొప్పున కట్టమన్నాడు. మాదిరి! ఆ మాట నాకు జూన్‌లో తట్టలేదు. బుధవారం కూడికలో నా గంటన్నర ప్రసంగాన్ని నేనే ఖండిస్తాను. ముసలమ్మలు దానికీ హల్లెలూయ అంటారు.

కొత్త అర్జీ వెనక పేజీలో ఉంది. పదకొండు పంక్తులు. ఫరో లేడు. నా కన్నీళ్ళు కూడా తీసేశాను. ఎవరిని ఎప్పుడు నీళ్ళలో పూడ్చామో, ఏ మెరక అడుగుతున్నామో, అంతే. ఎడమవైపు ఎంత వదలాలో నీ ఇష్టం. ఈ ఇంట్లో ఆ సంగతి నీకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు.

బస్సు వచ్చింది.

నిన్ను అనుమానించిన
నీ పెదనాన్న.


పెంటపాడు,
23-7-2003.

పెదనాన్న గారికి స్నేహ వందనాలు, వందనాలు, వందనాలు!

అయిపోయాయి పెదనాన్న గారూ! ఎనభై నాలుగూ! ఈసారి తొమ్మిది మధ్యాహ్నాలు కాదు, రెండే!

సోమవారం పొద్దున్నే వెళ్ళి ముందు సెంటరు కొలతలు ఎప్పటిలా పెట్టేశాను. జగ్గారావు గారు స్కేలు పెట్టి కొలిచి చూసుకున్నారు. ఆ తర్వాత ఎవరి కాగితాల జోలికీ పోకుండా మన కోసం వేరే టెంప్లేటు చేశాను. మీ భాషలో మాదిరి. ఎడమవైపు రెండంగుళాలు, పైన రెండు, కింద వేలిముద్రకు మూడు. ఎమ్మార్వో గారి పేరూ, మీ పదకొండు పంక్తులూ అందులోనే ఉన్నాయి. దానికి 'అర్జీ' అని పేరు పెట్టి దాచాను. తెరవగానే అన్నీ అమరిన కొత్త కాగితం వస్తుంది, గడప పేరూ, పూడ్చినవారి పేరూ కొట్టడమే! మామూలు కాగితాలకు మామూలు కొలత, మన అర్జీలకు మన కొలత. మొదటిసారి ఈ బుద్ధి ఏమైందో!

భోజనానికి వెళ్ళకుండా జగ్గారావు గారే ప్రింటరులో కాగితాలు పెడుతూ నిలబడ్డారు. మొదటిది రాగానే పంచింగు మిషను తెచ్చి మూలన పొడిచారు. కన్నం తెల్లకాగితంలో పడింది. పేరు దానికి అంగుళం దూరంలో కుదురుగా ఉంది. "అమ్మాయ్, ఈ మాదిరి తీసెయ్యకు. రేపటినుంచి ఆఫీసు అర్జీలు వచ్చినవాళ్ళందరికీ దీంతోనే కొట్టు," అన్నారు.

మీ పదకొండు పంక్తులు ఎనభై నాలుగుసార్లు చూశాను. మొదటి అర్జీకంటే దీనికే ఎక్కువ ఏడుపొచ్చింది.

నాగరత్నం పిన్ని చేపల గంప కాకుండా ఇంకో గంప తెచ్చుకుని, అందులో తువ్వాలు పరిచి పట్టుకెళ్తోంది.

గెలిచి రండి.
మీ స్నేహ.


కొంగవారిలంక,
29-7-2003, మంగళవారం.

నా బంగారు తల్లికి,

పాడు! చప్పట్లు కొట్టు! మీ అమ్మనూ నాన్ననూ లేపి నిలబెట్టు, తర్వాత చదువు.

రాత్రికి రాత్రే గడపగడపకూ తిరిగి వేలిముద్రలు వేయించి, కట్ట గురువారమే ఇచ్చేశాను. తాతాజీ గారు పొడవబోయి, నా ముఖం చూసి, ఒకసారి కాగితం వంక చూసి, అప్పుడు పొడిచారు. "ఇది ఎవరు చేశారండీ?" అన్నారు. "మా అమ్మాయండీ," అన్నాను. ఆ మాట ఆఫీసంతా వినబడేలా అన్నాను. నా గొంతు సంగతి నీకు తెలుసు.

నిన్న ఎమ్మార్వో గారు మెరక దగ్గరకు వచ్చారు. చెరువుల ఆసామి అప్పటికే ట్రాక్టరు తెచ్చి పెట్టుకున్నాడు. ఆయన అర్జీ ఒకటి. మనది ఇంత లావు ఫైలు. ఆఫీసరు గారు ట్రాక్టరు ఇంజను మీదే ఫైలు పెట్టి, పై కాగితం చదివారు. పదకొండు పంక్తులు చదవడానికి ఎంతసేపు? అయినా మళ్ళీ మొదటికెళ్ళి ఇంకోసారి చదివారు.

"వీళ్ళంతా వచ్చారా?" అన్నారు.

తాతాజీ గారు ఒక్కో కాగితం తిప్పుతూ పేరు పిలిచారు. గట్టు మీద, దోనెల్లో, మోకాటి లోతు నీళ్ళలో నిలబడ్డ మనవాళ్ళు ఒక్కొక్కరే చెయ్యెత్తి, "ఉన్నానండీ!" "ఉన్నామండీ!" అన్నారు. ఎనభై నాలుగు పేర్లూ పలికాయి స్నేహా! ఒక్క పేరు దగ్గర కూడా ఆయన ఆగలేదు! జీవగ్రంథం విప్పే రోజున పరలోకంలో ఎలా ఉంటుందో నిన్న కొల్లేటిలో నిలబడి విన్నాను. నాది ఆఖరున వచ్చింది. జీవితమంతా అరిచిన గొంతు, ఉన్నానండీ అనడానికి రాలేదు. పక్కనుంచి నాగరత్నం అరిచింది, "ఉన్నాడండీ, ఏడుస్తున్నాడు!"

ఆసామి ఏదో చెప్పబోయాడు. "మీకు మట్టి ఎక్కడైనా దొరుకుతుందండీ, వీళ్ళకు దొరకదు," అన్నారు ఆఫీసరు గారు. జేబులోంచి కలం తీసి, పై కాగితం ఎడమవైపు ఖాళీలో నిలువునా తొమ్మిది పంక్తులు రాశారు. అరెకరం మన పేటకు సమాధుల కోసం కేటాయించమని! కింద సంతకం, తేదీ. చోటు సరిగ్గా సరిపోయింది. సర్వేయరు నాలుగు మూలలా రాళ్ళు పాతించాడు. ట్రాక్టరు ఖాళీగా వెనక్కి వెళ్ళింది. మన ఆడవాళ్ళు దాని వెనక పాడుకుంటూ వంతెన దాకా సాగనంపారు. వద్దన్నా వినలేదు. నేను గట్టిగా వద్దనలేదు కూడా.

అందరూ వెళ్ళబోతుంటే పార అడిగాను. ఎందుకని అడిగారు. ముందు తవ్వమన్నాను. తవ్వాం. రెండడుగులు, నీళ్ళు రాలేదు. నాలుగడుగులు, రాలేదు. ఆరడుగులు తవ్వాక నేను గోతిలోకి దిగాను. వద్దు వద్దంటున్నా వెల్లకిలా పడుకున్నాను. పైన ఆకాశం, చుట్టూ వంగి చూసే ముఖాలు. అక్కడినుంచే మరణాన్ని సవాలు చేసి ప్రసంగం చేశాను. స్నేహా, ఈసారి నా నాలుక తడబడలేదు.

నన్ను చేతులు పట్టి పైకి లాగారు. వీపంతా మట్టి. నాగరత్నం కొంగుతో దులిపింది. పొడిపొడిగా రాలిపోయింది.

నీ పెదనాన్న,
ఇమ్మానుయేలు.